టాటూ షాపులో బొమ్మ ఫైళ్లకి రేటు కట్టిన డైరీ: విజయనగరం, జూన్ నుంచి నవంబర్ దాకా

ఇది టాటూ ఎలా వెయ్యాలో చెప్పే డైరీ కాదు. సూది ముట్టకుండా ఉత్తి డిజైన్ ఫైలు అమ్మితే ఎంత వస్తుంది, ఏ రేటు ఎందుకు ఫెయిలయింది, ఎక్కడ గంటలు తగలబెట్టాను అన్నది లెక్కలతో సహా రాసుకున్నది. శ్రీకాకుళం, పార్వతీపురం, బొబ్బిలి లాంటి ఊళ్లలో షాపు పెట్టుకున్నవాళ్లు దీన్ని చూసి కాపీ కొట్టుకోవచ్చు, లేదా కనీసం నేను పడ్డ గోతిలో పడకుండా ఉండొచ్చు.

మూడు లాంతర్ల దగ్గర మేడ మీద ఒక గది, అదీ షాపు. నేను, సాయంత్రాలు కాలేజీ నుంచి వచ్చి వాట్సాప్ చూసే మా మేనల్లుడు. సామాను ఏంటంటే సెకండ్ హ్యాండ్ ఐప్యాడ్, అందులో బొమ్మలు గీసే యాప్ ప్రోక్రియేట్, పాత ల్యాప్‌టాప్‌లో ఇంక్‌స్కేప్ (బొమ్మలూ అక్షరాలూ చేసే ప్రోగ్రాం, ఇది ఫ్రీ), చర్మం మీదకి దించే బొమ్మ కాగితం తీసే థర్మల్ స్టెన్సిల్ ప్రింటర్, హార్డ్‌వేర్ షాపులో కొన్న, మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ కాలిపర్, బటర్ పేపర్.

స్టేజ్ 0: రేటు కన్నా ముందు గడియారం

జూన్ మొదటి రెండు వారాలు ఏ రేటూ పెట్టలేదు, ఎవరు డిజైన్ అడిగినా ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి కూర్చున్నా. 31 మంది అడిగారు. అందులో టాటూ వేయించుకున్నవాళ్లు 12. మిగతా 19 మంది బొమ్మ పంపాక "సూపర్ అన్నా, సెప్తాను" అని వెళ్లిపోయారు. ఒక్కో బొమ్మకి సగటున 48 నిమిషాలు, అంటే ఆ 19 మందికి 15 గంటల 12 నిమిషాలు ఊరికే చేసిపెట్టా. వాళ్లలో ఒకడు నా బొమ్మనే ఇంకో షాపులో వేయించుకుని స్టేటస్ పెట్టాడు, బాగానే వచ్చింది కూడా, అదే ఎక్కువ మండింది.

గంట ఖరీదు ఇలా కట్టా:

1. అద్దె 6,500, కరెంటు 1,500, నెట్టూ ఫోనూ 700, ఫైళ్లు దాచుకునే క్లౌడ్ 300. మొత్తం 9,000.
2. నెలకి 25 రోజులు, రోజుకి 8 గంటలు, 200 గంటలు. షాపు తెరిచి ఉంచడానికే గంటకి 45.
3. నా కూలి గంటకి 205 అనుకున్నా. కలిపి 250.
4. 48 నిమిషాల బొమ్మకి 200.

సూదులు, ఇంకు, గ్లవ్స్ ఇందులో కలపలేదు, ఫైలుకి అవి అక్కర్లేదు కదా. ఇకమీదట ఏ స్టేజ్ అయినా గంటకి 250 దాటిందా లేదా అన్నదే నా పరీక్ష. ఎంత అమ్ముడయింది అన్నది కాదు. ఈ ముక్క నేనే మధ్యలో ఒకసారి మర్చిపోయా, అది కింద వస్తుంది.

స్టేజ్ 1: వేరే ఆర్టిస్టులకి ఫ్లాష్ షీట్లు (ఫెయిల్)

ఫ్లాష్ షీటు అంటే రెడీగా గీసి పెట్టిన టాటూ బొమ్మల పేజీ. అందరూ చెప్పేది ఇదే, డిజైన్లు ఒకసారి గీసి పడేస్తే నిద్రపోతున్నా డబ్బులొస్తాయని. మూడు షీట్లు గీశా, షీటుకి 12 బొమ్మలు. ఏ4 సైజు, 300 డీపీఐ, అంటే 2480 బై 3508 పిక్సెళ్లు. త్రిశూలం, గద, తామర, నెమలి, ముగ్గు బోర్డర్లు, బొబ్బిలి వీణ. వీణ ఒక్కదానికే నాలుగు గంటలు పట్టింది, చివర్న ఆ యాళి (సింహం లాంటి పురాణ జంతువు) తల సన్న గీతలో కుదరదు, కుదిరిందాకా వదల్లేదు. మొత్తం 26 గంటలు.

షీటు 499 చొప్పున ఎట్సీ అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో పెట్టా. అక్కడ ఒక్కో లిస్టింగ్‌కి 20 సెంట్లు, అది నాలుగు నెలలు ఉంటుంది, అమ్ముడైతే 6.5 శాతం, పైన పేమెంటు ఖర్చు వేరే. ఆరు వారాల్లో రెండు అమ్ముడయ్యాయి. అన్నీ పోను చేతికి 846. 26 గంటలకి 846 అంటే గంటకి 32 రూపాయల 50 పైసలు, షాపు తెరిచి ఉంచే 45 కూడా రాలేదు.

ఇంకోటి జరిగింది. తెలిసిన ఆర్టిస్టు ఒకరికి "చూసి చెప్పు అన్నా" అని షీటు పీడీఎఫ్ పంపా, వారం తిరక్కుండా అది ఆర్టిస్టుల వాట్సాప్ గ్రూపులో తిరిగి తిరిగి నాకే వచ్చింది, "మంచి కలెక్షన్, సేవ్ చేసుకోండి" అని. కింద నా సంతకం ఉంది కాబట్టి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అతన్ని తిట్టి లాభం లేదు, అందరం పింటరెస్ట్ బొమ్మలు దించుకునే పని నేర్చుకున్నాం, నాతో సహా.

టోటల్: 846 రూపాయలు, 26 గంటలు.

స్టేజ్ 2: డిజైన్‌కి 200 ముందే (సగం ఫెయిల్)

జూలై చివర్లో బోర్డు పెట్టా, డిజైన్ చార్జి 200 అని. మొదటి 9 మందిలో 7 మంది మళ్లీ కనపడలేదు. ఒకావిడ మాత్రం మొహం మీదే అడిగింది, "బొమ్మ సూపించడానిక్కూడా డబ్బులేటి బాబూ, బట్టల కొట్లో సీర సూపించినందుకు డబ్బులు తీసుకుంటారేటి?" దానికి నా దగ్గర జవాబు లేదు. చీర ముందే నేసి ఉంటుంది, బొమ్మ నేను కూర్చుని గియ్యాలి అని తర్వాత తట్టింది, అప్పటికి ఆవిడ మెట్లు దిగిపోయింది.

మార్చింది ఒక్క మాట. "డిజైన్ చార్జి" తీసేసి "అడ్వాన్స్ 200, టాటూ వేయించుకుంటే బిల్లులో తగ్గిస్తాం" అని రాయించా. అంతే డబ్బు, అంతే పని. తర్వాతి 20 మందిలో 14 మంది కట్టారు. అందులో 11 మంది టాటూ వేయించుకున్నారు, వాళ్ల 200 బిల్లులో పోయింది కాబట్టి ఇక్కడ లెక్కెయ్యను. మిగిలిన ముగ్గురూ వేయించుకోలేదు, ఫైలు మాత్రం అడిగి మరీ తీసుకున్నారు.

ఎందుకు తీసుకున్నారో కనుక్కోవడమే ఈ ఆరు నెలల్లో నేను చేసిన తెలివైన పని. ఒకతను ఆటో వెనక అద్దం మీద కూతురి పేరు స్టిక్కర్ వేయించుకోడానికి. మిగతా ఇద్దరూ పొద్దున్నే విజ్జీ స్టేడియంలో పరిగెత్తే కుర్రాళ్లు, ఆర్మీ సెలెక్షన్ కోసం. ఆర్మీలో మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక వైపు తప్ప వేరేచోట పర్మనెంట్ టాటూ ఒప్పుకోరు, గిరిజనులకి వాళ్ల ఆచారం బట్టి సడలింపు ఉంది. వీళ్లకి భుజం మీద కావాలి. "ఉద్యోగం వచ్చినాక చూద్దాం, ముందు బొమ్మ ఇవ్వన్నా, వాల్‌పేపర్ పెట్టుకుంటాం" అన్నారు. నేనూ సరే అన్నా. మన వైపు షాపుకి వచ్చే కుర్రాళ్లలో సగం మంది ఏదో ఒక సెలెక్షన్‌కి తయారవుతున్నవాళ్లే, వాళ్ల నోటిఫికేషన్ చదవకుండా భుజం మీద సూది పెట్టే ఆర్టిస్టుని ఏమనాలో నాకు తెలీదు.

టోటల్: 846 + 600 = 1,446 రూపాయలు. ఈ మూడు ఫైళ్లకి 48 నిమిషాల చొప్పున కలిపితే 28 గంటల 24 నిమిషాలు.

స్టేజ్ 3: పేరు ఫైలు, 99 రూపాయలు (బాగా అమ్ముడైంది, నష్టం)

ఆగస్టు. ఆటో ఆయన్ని చూసి పేరు ఫైలు మొదలెట్టా. తెలుగులో పేరు, చక్కటి అక్షరాలతో, వెనక రంగు లేని పీఎన్‌జీ ఒకటి, ఫోన్ వాల్‌పేపర్ ఒకటి. 99. పక్కనే కస్టమ్ బొమ్మ 499 అని పెట్టా.

499 ఒక్కటీ పోలేదు. 99వి 17 పోయాయి. మా మేనల్లుడు ఒకటే ఎగురుడు. చేసింది మాత్రం 18, ఎందుకంటే ఒకడు ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పంపితే ఫైలు పంపేశాం, డబ్బులు రానేలేదు, స్క్రీన్‌షాట్ మీద టైము మేం పేరు అడగడానికి పది నిమిషాల ముందుది. అప్పట్నుంచి బ్యాంకు మెసేజ్ వచ్చాకే ఫైలు. యూపీఐ క్యూఆర్‌కే ఉండిపోయా, బ్యాంకు ఖాతా నుంచి కడితే కోత ఉండదు. పేమెంట్ లింకులకి వెళ్తే మామూలుగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 100కి 2 రూపాయల 36 పైసలు.

ఇక తప్పులు. ఇవి వివరంగా రాస్తున్నా, ఎందుకంటే తెలుగు అక్షరాలతో ఎవరు మొదలెట్టినా ఇవన్నీ వరసగా వస్తాయి.

1. ఒత్తులు విడిపోవడం. ఫోటోషాప్‌లో "లక్ష్మి" కొడితే క కింద ష రాకుండా పొల్లులతో విడివిడిగా నిలబడింది. సెట్టింగుల్లో టైప్ అన్నచోట వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని ప్రోగ్రాం మూసి తెరిస్తే సరయింది. ఇంక్‌స్కేప్‌లో ఈ గొడవ లేదు, అందుకే అక్షరాలన్నీ అక్కడికి మార్చేశా.

2. అక్కర్లేని ఒత్తు రావడం. ఇది దీనికి ఉల్టా. "రాజ్‌కుమార్" అని కొడితే జ కింద క ఒత్తు తగిలించి "రాజ్కుమార్" అని చూపిస్తుంది. జ్ తర్వాత కలపొద్దని చెప్పే ఒక కనపడని అక్షరం ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, అది పెట్టాలి. మొదటిసారి గమనించకుండా పంపేశా, ఆయన కూడా చూసుకోలేదు, వాళ్లావిడ చూసింది.

3. స్టిక్కర్ షాపులో డబ్బాలు. ఆటో ఆయనకి పీడీఎఫ్ ఇచ్చా, అందులో అక్షరాలు అక్షరాలుగానే ఉన్నాయి. షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు, తెరిస్తే వరసగా డబ్బాలు. ఇప్పుడు పంపేముందు ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కి అక్షరాన్ని గీతగా మార్చేస్తా, ఎక్కడ తెరిచినా అలాగే ఉంటుంది.

4. ఫాంటు హక్కు. రామభద్ర, మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి, వాటితో చేసిన బొమ్మ అమ్ముకోవచ్చు, ఫాంటుని మాత్రం విడిగా అమ్మకూడదు. ఎక్కడో దించిన పేరు తెలియని ఫాంట్లు నాలుగు ఉంటే తీసేశా. ఇప్పుడు చాలామటుకు చేత్తోనే రాస్తున్నా.

5. చిన్న సైజు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. నా ఎడమ మణికట్టు మీద మూడేళ్ల కిందట వేసుకున్న "అమ్మ" ఉంది. వేసినప్పుడు గీత 0.4 మిల్లీమీటర్లు, ఫోటో పక్కన స్కేలు పెట్టుకున్నా కాబట్టి తెలుసు. ఇప్పుడు కాలిపర్‌తో కొలిస్తే 0.7. అ లోపల ఉన్న ఖాళీ సగం మూసుకుపోయింది, కింద ఒత్తు అయితే దూరం నుంచి చుక్కలా ఉంది. ఇంగ్లీషు అక్షరానికి ఈ బాధ తక్కువ, మనకి శ్రీ, ఠ, ఘ, క్ష్మి అన్నీ సున్నాలూ చుట్లే. నా ఫైలు పట్టుకెళ్లి ఎవరో ఎక్కడో ఏడు మిల్లీమీటర్ల ఎత్తులో వేయించుకుంటే మూడేళ్లకి చెడ్డపేరు నాకే. అందుకని ప్రతి ఫైలు కింద ఒక లైను పెడుతున్నా: ఒత్తు లేని పేరయితే ఎత్తు 12 మిల్లీమీటర్లకి తగ్గొద్దు, ఒత్తు ఉంటే 18కి తగ్గొద్దు. ఇవి నా చేతి కొలతలు, మీ సూదికీ మీ చేతికీ మీరు కొలుచుకోండి.

లెక్క: 99 చొప్పున 17 అంటే 1,683. చేసినవి 18, ఒక్కోటి 35 నిమిషాలు, 10 గంటల 30 నిమిషాలు. గంటకి 160. పేరు రాయడానికి పావుగంటే పడుతోంది, మిగతా ఇరవై నిమిషాలూ "అన్నా కొంచెం వంకర తిప్పు, అన్నా లవ్ సింబల్ పెట్టు" దగ్గర పోతున్నాయి.

టోటల్: 3,129 రూపాయలు. 38 గంటల 54 నిమిషాలు.

స్టేజ్ 4: మధ్యలో ఇంకో మెట్టు

సెప్టెంబర్‌లో మార్చినవి:

1. 99 తీసేసి 149. ఒక స్టైలు, ఒకే మార్పు.
2. కొత్తగా 349. మూడు స్టైళ్లు, మీ చెయ్యి ఫోటో మీద బొమ్మ పెట్టి చూపించడం, స్టెన్సిల్ ఫైలు, రెండు మార్పులు.
3. 499 కస్టమ్ తీసేసి 899. ఆ బొమ్మ ఇంకెవరికీ ఇవ్వనని కాగితం మీద రాసి ఇస్తా.

899 ఎవరైనా కొంటారని పెట్టలేదు, నిజం చెప్పాలంటే 349 చవగ్గా కనపడాలని పెట్టా. మరి ఒకటి పోయింది. అది ఎవరికి పోయిందో చెప్తే గానీ మిగతా డైరీ అర్థం కాదు.

గరివిడి వైపు నుంచి ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మని తీసుకొచ్చింది. ముసలావిడ ఎడమ ముంజేతి మీద పాత పచ్చబొట్టు, చుక్కలూ గీతలూ కలిపిన ముగ్గు లాంటిది, సగం చెరిగిపోయింది. మనవరాలికి అదే కావాలి, కానీ ఇప్పుడే కాదు, పెళ్లయ్యాక, ముందు బొమ్మ చేసి దాచిపెట్టమంది. ఫోటో తీస్తే ముడతల్లో చుక్కలు కనపడవు. బటర్ పేపర్ వేసి పెన్సిల్‌తో దిద్దుదామని చర్మం సాగదీశా, తీరా కొలిస్తే మొదటి చుక్కకీ చివరి చుక్కకీ మధ్య వదిలేస్తే 31 మిల్లీమీటర్లు, లాగితే 36. అయిదు మిల్లీమీటర్లు తేడా, అందులోనూ ఒక వైపు ఎక్కువ సాగుతోంది, అలా దిద్దిన బొమ్మ వంకరగా వచ్చింది, చించేశా. రెండోసారి ఇలా చేశా: తడిగుడ్డతో తుడిచి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫ్లాష్ లేకుండా, చేతి పక్కన స్కేలు పెట్టి, నిటారుగా పైనుంచి ఫోటో. అది ఐప్యాడ్‌లో పెట్టి, ఏ చుక్క చుక్కో ఏది మచ్చో ఆవిణ్నే అడుగుతూ దిద్దుకుంటూ పోయా. "అది సుక్క కాదు నాయనా, నూనె సిట్లింది" అని ఒకటి తీయించేసింది, చివరికి పదకొండు చుక్కలు తేలాయి. "నాకు పెళ్లి కాకముందు ఏసినారు. ఏడుత్తుంటే బెల్లం ముక్క నోట్లో ఎట్టినారు" అంది. మూడు గంటలు పట్టింది, 899 ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి ఒక్క పైసా బేరమాడలేదు.

సెప్టెంబర్ లెక్క: 149వి 11 (1,639), 349వి 6 (2,094), 899ది 1. మొత్తం 4,632. 14 గంటలు. గంటకి 331. మొదటిసారి 250 దాటింది.

టోటల్: 7,761 రూపాయలు. 52 గంటల 54 నిమిషాలు.

స్టేజ్ 5: పండగ నెల, డబ్బు పెరిగింది రేటు పడిపోయింది

అక్టోబర్‌లో పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఊరంతా జనం. ఈ రద్దీలో ఏదో ఒకటి అమ్మాలని అమ్మవారి వాల్‌పేపర్ గీశా, అయిదు గంటలు, 29 రూపాయలు, మెట్ల దగ్గర క్యూఆర్ అంటించా. ఆరు పోయాయి. 174 రూపాయలు. పండగ నాటికి అదే బొమ్మ మా పాలబ్బాయి స్టేటస్‌లో ఉంది, మా పెద్దమ్మ ఫోన్‌లో ఉంది, నాకే నాలుగు సార్లు ఫార్వర్డ్ వచ్చింది. పైగా కింద టీ కొట్టు ఆయన "అమ్మోరి బొమ్మకి రేటేటిరా?" అన్నాడు, అదీ నిజమే అనిపించి క్యూఆర్ పీకేసి ఊరికే తీసుకోమన్నా. మూల మీద షాపు పేరు చిన్నగా ఉంది, అది చూసి అయిదుగురు కొత్తవాళ్లు టాటూకి వచ్చారు, ఆ డబ్బు ఇక్కడ కలపట్లేదు.

ఫ్లాష్ షీటు, వాల్‌పేపర్ రెండూ ఇలాగే పోయాయి, పేరు ఫైలు మాత్రం ఒక్కటీ గ్రూపుల్లో తిరగలేదు. అప్పుడు వెలిగింది. ఎవడో కన్నకూతురి పేరు, ఎవరో నాయనమ్మ చేతి చుక్కలు, ఇంకొకడికి ఎందుకు? దొంగతనం చెయ్యడానికి అందులో ఏమీ లేదు. తాళాలూ వాటర్‌మార్కులూ అని నేను పెట్టిన తలనొప్పంతా అనవసరం, ఎవరికైనా పనికొచ్చే బొమ్మ ఊరికే వదిలెయ్యడం, ఒక్కరికే పనికొచ్చేదానికి డబ్బు తీసుకోవడం. అప్పట్నుంచి నా రేట్ల పట్టిక అంతా దీని మీదే నడుస్తోంది.

ఈ నెల దెబ్బలు రెండు. ఒక పెళ్లికొడుకు 349 కట్టి ఇద్దరి పేర్లూ కలిపి రాయమన్నాడు. మార్పులు రెండే అని బోర్డు మీద ఉంది, నేను మొహమాటపడ్డా. పదకొండు మార్పులు. అందులో మూడు పెళ్లికూతురివి, ఒకటి బావమరిదిది. చివరికి మొదటిదే ఖాయం చేశారు. 4 గంటల 10 నిమిషాలు, గంటకి 84.

రెండోది, పచ్చబొట్టు ఫైళ్లు రెండు వచ్చాయి, పెద్దవాళ్లు మెట్లెక్కలేరని ఇళ్లకి వెళ్లా. ఒకటి నెల్లిమర్ల, ఒకటి చీపురుపల్లి. బండి మీద పోనూ రానూ కలిపి ఒక్కోదానికి నాలుగున్నర గంటలు, అదే 899. గంటకి 200, పెట్రోలు కాకుండా.

అక్టోబర్ లెక్క:
వాల్‌పేపర్ 174, 5 గంటలు.
149వి 9, 1,341, నాలుగున్నర గంటలు.
349వి 7, 2,443, 9 గంటల 40 నిమిషాలు.
899వి 2, 1,798, 9 గంటలు.
మొత్తం 5,756. 28 గంటల 10 నిమిషాలు. గంటకి 204.

సెప్టెంబర్ కన్నా 1,124 ఎక్కువ వచ్చింది కదా అని నెలాఖరుకి మా మేనల్లుడికి బిర్యానీ కూడా ఇప్పించా, గంటల కాలమ్ కూడింది తర్వాత రోజు.

టోటల్: 13,517 రూపాయలు. 81 గంటల 4 నిమిషాలు.

స్టేజ్ 6: రేటు పెంచలేదు, మాటలు తగ్గించా

నవంబర్ మార్పులు:

1. వాట్సాప్‌లో ఒక రెడీ మెసేజ్. పేరు మీరే తెలుగులో టైపు చేసి పంపండి, రాకపోతే కాగితం మీద రాసి ఫోటో తియ్యండి. ఎక్కడ వాడతారు: ఒంటి మీదా, బండి మీదా, ఫోన్‌లోనా. ఎంత ఎత్తు. ఈ మూడూ రాకుండా పని మొదలెట్టను.
2. పంపేముందు పేరు పెద్దగా చూపించి "అక్షరాలు సరిగ్గా ఉన్నాయి" అని కస్టమర్ చేతే రాయిస్తా. ఉత్తి బొటనవేలు సింబల్ ఒప్పుకోను.
3. ఉన్న మార్పులు అయిపోతే తర్వాతది ఒక్కోటి 50. ఇది పెట్టాక మార్పులు అడగడమే తగ్గింది, బావమరుదులు మాయమయ్యారు.
4. పచ్చబొట్టు ఫైలు విడిగా 1,299, షాపుకి వస్తే. ఇంటికి రావాలంటే 600 అదనం. ఎవరూ ఇంటికి రమ్మనలేదు, ఆటో మాట్లాడుకుని తీసుకొచ్చి కింద టీ కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టారు, నేనే ఐప్యాడ్ పట్టుకుని దిగా.

అమ్మనివి కూడా రాయాలి. హీరో సినిమా స్టిల్ ఫైలు చేసి అమ్మమని వారానికి ఒకరైనా అడుగుతారు, అమ్మను, ఆ స్టిల్ నాది కాదు. మన కాపీరైట్ చట్టం 1957ది, దాని ప్రకారం చిత్రకారుడు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రవివర్మ 1906లో పోయాడు, ఆయన లక్ష్మి, సరస్వతి నుంచి తీసుకోవచ్చు. బాపు గారు పోయింది 2014లో, ఆయన బొమ్మ దించి ఫైలు అమ్మడం కుదరదు, ఎంత ఇష్టమున్నా సరే. సీతంపేట వైపు సవర గిరిజనులు గోడల మీద వేసే బొమ్మల్ని ప్యాకుగా చేసి పెట్టమని ఒక డీలర్ అడిగాడు, మంచి రేటే చెప్పాడు. అవి వాళ్లు పూజకి వేసుకునేవి, అమ్మడానికి నేనెవణ్ని, వద్దన్నా. సవర కుర్రాడే వచ్చి తన ఒంటి మీద వెయ్యమంటే అది వేరే సంగతి, వేస్తా.

నవంబర్ లెక్క:
149వి 10, 1,490. ఇప్పుడు ఒక్కోటి 20 నిమిషాలే, 3 గంటల 20 నిమిషాలు.
349వి 8, 2,792. ఒక్కోటి 45 నిమిషాలు, 6 గంటలు.
అదనపు మార్పులు 5, 250.
పచ్చబొట్టు ఫైళ్లు 2, 2,598. 6 గంటలు.
మొత్తం 7,130. 15 గంటల 20 నిమిషాలు. గంటకి 465.

టోటల్: 20,647 రూపాయలు. 96 గంటల 24 నిమిషాలు.

ఆరు నెలలూ కలిపి చూస్తే గంటకి 214, అంటే జూన్‌లో నేను పెట్టుకున్న 250 ఇంకా రాలేదు. ఫ్లాష్ షీట్ల 26 గంటలూ, వాటి 846 రూపాయలూ తీసేసి చూస్తే 281 వస్తుంది, కానీ అలా తీసేస్తే ఇది డైరీ ఎందుకవుతుంది, ఆ గంటలు కూర్చున్నది నేనే కదా.

డిసెంబర్‌కి పెట్టుకున్న పనులు: 149ని 199 చేసి చూడాలి, ఒక నెల మాత్రమే, అమ్మకం సగానికి పడిపోతే వెనక్కి తగ్గుతా. ఎట్సీ లిస్టింగులు గడువయ్యాయి, మళ్లీ పెట్టను, ఆ మూడు షీట్లూ ఊరికే ఇచ్చేస్తున్నా, సంతకం మాత్రం చెరపకండి. మా మేనల్లుడు తను చూసే వాట్సాప్‌కి కమిషన్ ఎంత అని అడుగుతున్నాడు, పేరు ఫైలుకి 20 రూపాయలన్నా, "30 ఇవ్వు మావయ్యా, బొటనవేలు సింబల్ పెట్టినోళ్లని తిరిగి అడిగేది నేనే కదా" అంటున్నాడు. అదీ గంట ఖరీదులో కలిపి మళ్లీ కట్టాలి.

గరివిడి అమ్మాయి నిన్న మెసేజ్ పెట్టింది, పెళ్లి ఫిబ్రవరికి కుదిరిందట. ఆ ఫైలు మళ్లీ తెరిచి చూసుకున్నా, పదకొండు చుక్కలు, 31 మిల్లీమీటర్లు. ఆమె ముంజెయ్యి నాయనమ్మ చేతి కన్నా సన్నం, మరి అదే కొలత పెట్టాలా తగ్గించాలా అని ఆమెనే అడిగా. నాయనమ్మని అడిగి చెప్తానంది.